రెండు బొటనవేళ్ల జట్టు

నేను ఒక వీడియో గేమ్‌ని. టీవీకి తగిలించే పెద్ద రకం కాదు. రెండు చేతుల్లో పట్టుకుని, బస్సులో కూర్చునైనా ఆడుకోగలిగే చిన్న రకం. నడుమ అరచేయంత తెర, ఎడమ పక్క ఆటగాణ్ణి పరుగెత్తించే జాయ్‌స్టిక్, కుడి పక్క బంతిని తన్నించే బటన్లు. నా పొట్టలో ఉన్నది ఒకే ఒక్క ఆట, ఫుట్‌బాల్.

సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. తలకు తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని నాకు స్ప్రింగులు బిగించారు. చివరన కూర్చున్నామె నన్ను ఆన్ చేసి, ఒక గోలు కొట్టి చూసి, ముఖంలో ఏ మార్పూ లేకుండా అట్టపెట్టెలో పెట్టేసింది. తర్వాత అలాంటి గోలుకే మనుషులు మంచాల మీద ఎగరడం చూసి చాలాకాలం ఆశ్చర్యపోయాను.

మంచం మీద ఎగిరింది షాహీన్. కర్నూలులో ఫిజియోథెరపీ చదివే రోజుల్లో నన్ను కొనుక్కుంది. పరీక్షలప్పుడు నన్ను బీరువాలో పెట్టి, తాళం స్నేహితురాలికిచ్చి, గంట తిరక్కముందే ఆ తాళం కోసం బతిమాలేది. చదువయి గుంతకల్లులో ఉద్యోగం వచ్చాక నేను సొరుగులోకి చేరాను. మనుషులు మమ్మల్ని కోపంతో మరిచిపోరు. వాళ్లకు పనులుంటాయి, అంతే.

రెండేళ్లకు సొరుగు తెరుచుకుంది. షాహీన్ నన్ను తుడిచి, ఛార్జింగ్ పెట్టి, రైల్వే కాలనీలో ఒక ఇంటికి తీసుకుపోయింది.

ఆ ఇంటాయన ఓబులేసు. గూడ్సు బండ్లు నడిపి రిటైరైన మనిషి. అంతకంటే ముఖ్యంగా, ఆయన దృష్టిలో, ఇరవై ఏళ్లు రైల్వే జట్టుకు గోల్‌కీపరు. అప్పటికి మూడు నెలల ముందు పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది, మాట నిలబడింది, ఎడమ చెయ్యి మాత్రం మొండికేసింది. పిసకమని షాహీన్ ఇచ్చిన రబ్బరు బంతిని కుడిచేత్తో గోడకేసి కొట్టాడు.

"జిందగీ అంతా బంతిని పట్టుకున్నోణ్ణి పాపా. ఇప్పుడు పిసికేదానికి గూడా చేతగావడం ల్యా. దాన్ని నాకు చూపించొద్దు."

అందుకే ఆమె నన్ను తెచ్చింది. "ఈ బొటనవేలు కదిలితే తక్కిన వేళ్లు దాని వెనకే వస్తాయి సార్. మొదటి ఆర్నెల్లే ముఖ్యం. ఇప్పుడు వదిలేస్తే చెయ్యి ఇట్లే ఉండిపోతుంది," అని ఆయన వేలును నా జాయ్‌స్టిక్ మీద పెట్టి వెళ్లింది.

వేలు కదల్లేదు. నా ఆటగాడు మైదానం మధ్యలో కరెంటు స్తంభంలా నిలబడ్డాడు. అవతలి జట్టు తొమ్మిది గోల్స్ కొట్టింది. ఓబులేసుకు తన వేలి మీద కంటే నా గోల్‌కీపరు మీద కోపమొచ్చింది.

"వీడు గోల్‌కీపరా? బంతి వస్తాంటే పెండ్లికి వచ్చినోడి మాదిరి చూస్తాండాడు," అని నన్ను మంచం మీద బోర్లా పడేశాడు.

పక్కనే ఆయన భార్య నాగరత్నమ్మ వెల్లుల్లి వలుస్తోంది. ఆ ఇరవై ఏళ్లూ ఆయన జెర్సీలకు అంటిన బురద ఉతికింది గానీ, ఒక్క మ్యాచ్ చూడలేదు. గ్రౌండులో ఆడోళ్లకేం పని అనేవాడు ఆయన. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని నన్ను తీసుకుంది.

"ఎడమ పక్కది నేను తిప్పుతా. కుడి పక్కది మీరు నొక్కండి."

వేళాకోళం అనుకున్నాడు. కాదు.

అలా తయారైంది ఆ జట్టు. మంచం మీద భుజం భుజం ఆనించి కూర్చునేవారు. ఆమె ఎడమ బొటనవేలు, ఆయన కుడి బొటనవేలు. మొదట్లో మా వాడు బంతి తీసుకుని మా గోలు వైపే పరుగెత్తేవాడు.

"ఏమ్మే, మనం కొట్టాల్సిన గోలు అటు పక్క."

"ఇంతసేపూ ఇటే గదా ఉన్నింది."

"హాఫ్‌టైం అయినంక పక్కలు మారతాయి."

"మీరు చెప్పల్యా."

నిజమే. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెకు ఆ ఆట గురించి ఏమీ చెప్పలేదు. అప్పుడు మొదలుపెట్టాడు. వానలో ఆడిన మ్యాచ్‌లు, రిఫరీలతో తగాదాలు, ఒకసారి బంతి తగిలి విరిగిన చిటికెన వేలు.

"అది ఇంజను తలుపులో నలిగిందని చెప్పినారు గదా," అంది నాగరత్నమ్మ.

"నిజం చెప్తే నువ్వు ఆడనిస్తావా?"

ఆమె ఆ మ్యాచ్ అయ్యేదాకా ఆయనతో మాట్లాడలేదు. జాయ్‌స్టిక్ మాత్రం బ్రహ్మాండంగా తిప్పింది. ఆ రోజు గెలిచాం.

ఏడో వారంలో ఒక ఆదివారం, కప్పు ఫైనల్. చెరో గోలు, ఆట అయిపోవడానికి నిమిషం. మా వాడు అందరినీ దాటుకుని గోల్‌కీపరు ఎదుటికి వచ్చేశాడు. గోల్‌కీపర్లు ఎటు పడతారో ఓబులేసుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

"ఎడమకు తిప్పు. వాడు కుడికి పడతాడు."

ఆమె తిన్నగానే పోనిచ్చింది.

"ఎడమకు అంటాంటే," అని ఆయన ఆమె వేలును పక్కకు నెట్టేశాడు. నెట్టింది తన ఎడమ బొటనవేలితో.

అది నాకే ముందు తెలిసింది. వణుకుతూ వచ్చింది ఆ వేలు. జాయ్‌స్టిక్‌ను గోరంత కదిల్చింది; అయినా కదిల్చింది. బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయింది. వెంటనే అవతలి వాళ్లు గోలు కొట్టి కప్పు ఎత్తుకుపోయారు. అది ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఆమె ఆయన వేలు వైపు చూస్తోంది, ఆయన ఆమె ముఖం వైపు.

"ఓడిపోయినాం," అన్నాడు ఓబులేసు.

"పోనీలెండి. బాగా తిప్పినారు," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఆమె వేలుకు నెమ్మదిగా పని తగ్గింది. నేనొచ్చిన అయిదో నెలలో ఆయన చొక్కా గుండీలు తానే పెట్టుకుని, షాహీన్‌ను ఇంటికి పిలిచాడు.

"నీ మిషన్ నువ్వు తీసుకుపో పాపా. పని అయిపోయింది."

"ఎవరి పని?" అని వంటింట్లోంచి నాగరత్నమ్మ అడిగింది. "నేను సెమీఫైనల్లో ఉండా."

షాహీన్ నవ్వి నన్ను అక్కడే వదిలిపెట్టింది.

ఇప్పుడు నాకు వయసు మీదపడింది. బ్యాటరీ ఒక్క మ్యాచ్‌కు కూడా నిలవదు. తాడుతో కట్టిన మేకలా ఛార్జరు తీగతో గోడకే ఉంటాను. బటన్ల మీద గుర్తులు చెరిగిపోయాయి. ఏదో ఒక రోజు పాత సామాన్ల బండి ఎక్కుతానని తెలుసు. తొందరేమీ లేదు.

ఈ సాయంత్రం నాగరత్నమ్మ గోడకు ఆనుకుని ఆడుతుంటే ఓబులేసు వంటింట్లోంచి వచ్చాడు. ఎడమ చేతిలో టీ గ్లాసు. సగం టీ దారిపొడుగునా ఒలికింది. మిగిలిన సగాన్ని జాగ్రత్తగా ఆమె ముందు పెట్టాడు.

"తాగు, చల్లారిపోతాది."

"ఉండండి, కార్నర్ కిక్ వచ్చింది," అంది ఆమె తల ఎత్తకుండా.

ఆయన తెర మీద తన నీడ పడకుండా పక్కకు జరిగి, ఆమె ఆ కిక్ కొట్టేదాకా చూస్తూ నిలబడ్డాడు.