కోళ్ల గూటి ఎర్రకన్నుకు తలంటు

నేను ఒక ఎర్రకన్నును. అరచేతిలో పట్టేంత నల్లటి డబ్బా, ముందు రెండు ఎర్ర దీపాలు, నెత్తిన ఎండ తాగే పలక, అంతే నేను. పగలంతా ఎండ తాగి, చీకటి పడగానే మిణుకుమంటాను. దూరం నుంచి చూసిన జంతువుకు, తనకంటే పెద్ద జంతువేదో కళ్లార్పుతూ కూర్చుందని తోచాలి. అదే నా ఉద్యోగం. పళ్లూ గోళ్లూ లేకపోయినా ఉన్నట్టు నమ్మించడం. మనుషుల్లోనూ ఈ ఉద్యోగం చేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారని తర్వాత తెలిసింది.

ఎక్కడో పొడవాటి రేకుల షెడ్డులో నన్ను బిగించారు. చివరి మర తిప్పిన అమ్మాయి నా ముఖాన్ని చున్నీతో తుడిచి అట్టపెట్టెలో పెట్టేసింది. ఆమెను మళ్లీ చూడలేదు. పుట్టిన పూటే మొదటి ఎడబాటు.

నన్ను కొన్నవాడు సాలూరులో దర్జీ బంగారయ్య. మేడ మీద పెంచే నాటుకోళ్ల కోసం పిట్టగోడకు కట్టాడు. వారం తిరక్కుండా ఎదురింటావిడ గొడవకు వచ్చింది. "సీకటడితే సాలు, మీ మేడమీంచి ఎవుడో మా కిటికీకేసి కన్ను కొడతన్నాడు!" వాళ్లాయన మేడెక్కి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీపమేనే" అని ఎందుకో కాస్త నిరాశగా దిగిపోయాడు. బంగారయ్య నన్ను విప్పి, కొండకింద ఊళ్లో ఉన్న మేనత్త సన్యాసమ్మకు పంపేశాడు.

సన్యాసమ్మ పెరడు దాటితే జీడితోట, తోట దాటితే అడవి. అక్కడినుంచి వచ్చే బావురుపిల్లి ఆమె కోళ్లను ఒక్కొక్కటిగా ఎత్తుకుపోయింది. మిగిలింది సుక్క అనే పెట్ట ఒక్కటే, అదీ గుడ్లు పొదుగుతోంది. అది కూడా పోతే ఆ ఇంట్లో సన్యాసమ్మ తప్ప మరో ప్రాణి ఉండదు. పోయిన కోళ్లను ఆమె పేరుపేరునా తలుచుకునేది. నాకు ఉన్న కోడికంటే లేని కోళ్లే ఎక్కువ పరిచయం.

మరిది అప్పలకొండ నన్ను గూటి పక్క గుంజకు కిందుగా కట్టాడు. "పిల్లి కంటి ఎత్తులో ఉండాల వదినా. నీ ఎత్తులో కడితే నువ్వే బెదురుతావు."

"నాను బెదరని రోజెప్పుడు సూసినావు బాబూ?"

పిల్లి వచ్చింది. తోట అంచున ఆగి నన్ను చూసింది. నిజానికి నేనే ఎక్కువ భయపడ్డాను. కాని నాకు వణకడం చేతకాదు, అదే నన్ను కాపాడింది. పిల్లి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత రోజూ వచ్చి చూసి వెళ్లేది.

అంతలో దసరా వచ్చింది. కత్తిపీటకు, పారకు, మిక్సీకి, అప్పలకొండ స్కూటరుకు బొట్లు పెట్టారు. సన్యాసమ్మ నా దగ్గరికొచ్చి, "మా సుక్కని కాసిన తల్లివి" అంటూ నా నెత్తిన పలకంతా పసుపు దట్టంగా పూసి, కుంకుమబొట్లు పెట్టి, పైన బంతిపూల దండ వేసింది. అంత గౌరవం నేనెన్నడూ ఎరగను. ఉబ్బిపోయాను. చీకటి పడింది, నా కళ్లు మాత్రం తెరుచుకోలేదు.

తెల్లారేసరికి పెరడంతా ఈకలు. సుక్క అరుపుకు సన్యాసమ్మ లేచి పళ్లెం వాయించి పిల్లిని తరిమింది కాని, తోక మాత్రం దానికే దక్కింది. తోకలేని సుక్క మళ్లీ గుడ్లమీదే కూర్చుంది.

అప్పలకొండ నన్ను చూసి నవ్వాడు. "పసుపు మూసీసింది వదినా. ఎండెలగ తాగతాది? తుడిసీసి ఎండలో ఎట్టు." భుజంమీది తువ్వాలు తీశాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "ఎట్టిన బొట్టు సెరిపీస్తావేటి? మీ అన్న పోయిన్నాడు నా బొట్టు సెరిపీసినారు, అది సాలు. నా ఇంట్లో ఎవుర్దీ సెరపనివ్వను."

అతను తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. పొద్దు ఎక్కుతోంది. ఆమె సుక్కను చూసింది, నన్ను చూసింది, చప్పున లేచింది.

"ఇయ్యాల ఏ వారం?"

"సనివారం."

"మరి తలంటొయ్యాల కదా!"

"సనివారం మగోలికి వదినా. నిన్న దీన్ని తల్లివన్నావు."

"ఇయ్యాల బాబనుకో!"

కుంకుళ్లు నానేసి, నురగ తీసి, గోరువెచ్చని నీళ్లతో నాకు తలంటు పోసింది. బొట్టును ఎవరూ చెరపలేదు, నురగతో పాటు అదే పోయింది. పాత చీరముక్కతో ఒత్తి, నన్ను ఎండలో పెట్టింది. మిగిలిన పొద్దంతా ఆబగా తాగాను.

చీకటి పడగానే కళ్లు తెరిచాను. నమ్మకం చాలక ఆమె పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. పిల్లి వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. కొన్నాళ్లకు గుడ్లు పిగిలాయి. పిల్లలు బయటికొచ్చి మొట్టమొదట నా ముఖాన్నే పొడిచాయి. ఎవరూ భయపడకపోవడం అంత హాయిగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నాకు ఒంటికన్నే మిగిలింది, అదీ మసక. సుక్క సంతతిని కాయడానికి కొత్త దీపం వచ్చింది. మొన్న పాతసామాన్లవాడు నన్ను చూసి, "పని సెయ్యదు కదమ్మా, ఇచ్చీ" అన్నాడు.

సన్యాసమ్మ కస్సుమంది. "పని సెయ్యనోల్లని పంపీడమేనేటి? అలగైతే ముందు నన్నెక్కించు నీ బండి!"

వాడు నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆమె నన్ను గుంజనుంచి విప్పి, తన మంచం కనిపించేలా గుమ్మానికి కట్టింది. అక్కడ కాయడానికి కోళ్లేమీ లేవు.