తప్పిపోయే మనిషి కావలెను

కుక్కకు మనిషిని వెతకడం నేర్పాలంటే ముందు తప్పిపోవడానికి ఒక మనిషి కావాలి. ఈ చిన్న సంగతి మన లిఫ్టాయనకు కుక్కను ఇంటికి తెచ్చుకున్నాక గాని తట్టలేదు. బతుకంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఇనుప తాళ్ళ గురించి అడగండి, పొద్దుగూకేదాకా చెబుతాడు. ఎవరినైనా ఏదైనా అడగమంటే మాత్రం నోరు పెగలదు. "ఒక పూట సాయం రండి" అనే నాలుగు ముక్కలు ఆయన నోట్లోంచి రాబట్టడం కన్నా పన్ను పీకడం తేలిక.

కుక్క కూడా ఆయన సొంతం కాదు. తప్పిపోయిన పిల్లలనూ, దారి మరిచిన ముసలివాళ్ళనూ వెతికిపెట్టే దళం ఒకటుంది ఆ ఊళ్ళో. భార్య పోయిన మరుసటి ఏడాది, ఇంట్లో గోడగడియారం చప్పుడు భరించలేక ఆయన అందులో చేరాడు. వాళ్ళు ఒక గోధుమరంగు ఆడకుక్కను చేతికిచ్చి, నేర్పించి పరీక్ష నెగ్గిస్తే నీ దగ్గరే ఉంటుంది, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. వచ్చిన రోజే అది సోఫా ఎక్కి కూర్చుని, ఆయన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. "అబ్బో, దొరసానిగారు!" అన్నాడాయన. అదే పేరైపోయింది. ఆ ఇంట్లో ఒకరితో ఒక మాట పైకి అనడం చాలాకాలానికి అదే మొదటిసారి. అప్పటినుంచి దాన్ని వదిలి ఉండాల్సివస్తే ఎలా అన్న బెంగ కూడా మొదలైంది.

దళంలో శిక్షకురాలు ముక్కుసూటి మనిషి. "నడుస్తుంటే మన ఒంటిమీంచి పొడి రాలుతూనే ఉంటుందండీ, కంటికి కనబడదంతే. మట్టి నేలయితే రాలినచోటే పడుంటుంది. ఇక్కడంతా సిమెంటు కదా, గాలికి కొట్టుకుపోయి గోడల మొదట్లో, షట్టర్ల కింద, కాలువ అంచుల్లో చేరుతుంది. కుక్క గోడవారనే పోతోందంటే దారి తప్పిందనుకోకండి. తాడు వదులుగా పట్టుకుని, నోరు మూసుకుని వెనకాల నడవండి" అని మొదటి పాఠంలోనే తేల్చేసింది. వాసన చూపించే వస్తువును చేత్తో ముట్టుకోవద్దు, కవరు మూతి తెరిచి ముక్కు దగ్గర పెట్టాలంది. వారం వారం కొత్త మనుషులను దాచిపెట్టి వెతికించాలంది.

"దొరుకుతున్నారా మనుషులు?" అని ఆవిడ అడిగినప్పుడల్లా, "ఆఁ, బోలెడుమంది!" అనేవాడు.

బోలెడుమందట! ఎదురింటాయనతో పరిచయం ఉంది, అంటే ఒకరి చెత్తడబ్బా ఏ రంగో ఒకరికి తెలుసు. పాత పనివాళ్ళలో ఒకరిద్దరు ఫోన్ చేస్తారు, అదీ పొరపాటున వేలు తగిలితే. ఇక మిగిలింది అన్నయ్య.

అన్నయ్య ఎంతో దూరాన లేడు. బస్ డిపో దాటి రెండు మలుపులు తిరిగితే, ఒక పాత మేడలో రెండో అంతస్తు. భార్య పోయిన కొత్తలో అన్నయ్యా వదినా ఇంటికొచ్చి, "ఒక్కడివీ ఏం ఉంటావురా, మాతో వచ్చెయ్" అన్నారు. మంచి మాటే కదా? ఈయనకు మాత్రం ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది. "నామీద జాలిపడేవాళ్ళు నా గడప తొక్కక్కర్లేదు" అనేశాడు. అన్నయ్య మారుమాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ తొక్కలేదు. పొమ్మన్నందుకు పోతే, పోయినందుకు కూడా కోపం తెచ్చుకునే రకం ఈ పెద్దమనిషి.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. పొద్దున కుక్కను ఇంట్లో పెట్టి తాళం వేసి, తనే వీధులన్నీ తిరిగి, చివర ఏ మెట్ల కిందో మాంసం ముక్కల డబ్బా దాచి, ఇంకో దారిన ఇంటికొచ్చేవాడు. తర్వాత దొరసానికి పట్టీ కట్టి, పొడుగు తాడు తగిలించి, తన పాత మేజోడు చేత్తో పట్టుకుని వాసన చూపించి, "వెతుకు" అనేవాడు. తప్పిపోయేదీ ఆయనే, వెతికేదీ ఆయనే.

దొరసానికి అదేం పట్టలేదు. బ్రహ్మాండంగా నేర్చుకుంది. బస్సు పొగలో ఒక్క క్షణం తికమకపడినా, మలుపు దాటి నాలుగడుగులు ముందుకు పోయినా, తలెత్తి, గాలి పీల్చి, వెనక్కి వచ్చి దారి అందుకునేది. దొరికాక కూర్చుని ఒక్కసారి మొరగాలి. డబ్బా ముందు బుద్ధిగా కూర్చుని మొరిగేది. మనిషి ఉండాల్సినచోట డబ్బా ఉందేమిటని దానికేం బాధ లేదు. బాధ ఆయనకుండేది.

రోజూ ఇంకో నడక కూడా ఉండేది. దానికి కుక్కను తీసుకెళ్ళేవాడు కాదు. చీకటిపడే వేళకు అన్నయ్య మేడకు ఎదురుగా, ఎప్పుడో మూతబడిన జెరాక్స్ షాపు షట్టరుకు ఆనుకుని నిలబడేవాడు. రెండో అంతస్తు కిటికీలో లైటు వెలిగేది. కర్టెను వెనక ఒక నీడ నెమ్మదిగా అటూ ఇటూ తిరిగేది. వదినకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి కాబోలు అనుకునేవాడు. మధ్యలో ఒకసారి కర్టెన్లు మారాయి. "పర్వాలేదే, మా పిసినారి అన్నయ్య కూడా కొత్తవి కొన్నాడు" అని నవ్వుకున్నాడు. లైటు వెలుగుతోందంటే బాగానే ఉన్నట్టే. ఆ ధైర్యంతో ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తినేవాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున లేస్తూనే సోఫా వైపు చూశాడు. ఇవాళ ఓడిపోతే సాయంత్రానికి సోఫా ఖాళీ. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడదనిపించి, కుక్కను ఇంట్లో పెట్టి, ఆ వీధికే నడిచాడు. ఎన్నడూ లేనిది రోడ్డు దాటి మెట్లు కూడా ఎక్కాడు. చెయ్యి బెల్లు దాకా వెళ్ళింది, నొక్కలేదు. తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, దొంగలా దిగి వచ్చేశాడు.

పరీక్ష బస్ డిపో గేటు దగ్గర మొదలు. దళంలోని కొరియరాయన ఎక్కడో దాక్కున్నాడు. ఆయన టోపీ కవరులో ఉంది. శిక్షకురాలు కవరు అందించి వెనక్కి జరిగింది. పరీక్ష జరుగుతుంటే పెదవి విప్పకూడదని ఆవిడ నియమం. మన లిఫ్టాయన చెమటపట్టిన చెయ్యి కవరులో పెట్టి, టోపీ బయటికి తీసి, ముడతలు సరిచేసి మరీ దొరసాని ముక్కు దగ్గర పెట్టాడు. ఇంట్లో రోజూ చేసే పనే కదా, చెయ్యి దానంతటదే చేసేసింది.

"వెతుకు."

దొరసాని నేల వాసన చూసి, గేటు పక్కగా సర్రున బయలుదేరింది. ఆయన మురిసిపోయాడు. మొదటి మలుపు తిరిగేసరికి అనుమానమొచ్చింది. రెండో మలుపు తిరిగేసరికి ఎటు పోతోందో తెలిసిపోయింది. జెరాక్స్ షాపు షట్టరు దగ్గర అది ఆగి, ఆయన రోజూ నిలబడే చోటంతా పదేపదే ఆఘ్రాణించింది. తాడు లాగితే పరీక్ష పోతుంది. లాగకపోతే పరువు పోతుంది. తేల్చుకునేలోగానే దొరసాని రోడ్డు దాటి మెట్లెక్కింది. వెనక శిక్షకురాలి బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. రెండో అంతస్తు తలుపు ముందు కుక్క కూర్చుని, తోక ఆడిస్తూ, ఒక్కసారి గట్టిగా మొరిగింది.

తలుపు తెరుచుకుంది. అన్నయ్య కాదు. వదినా కాదు. కళ్ళద్దాలు చేత్తో పట్టుకున్న ఒక ముసలావిడ.

"ఇది... మా అన్నయ్య వాళ్ళ ఇల్లండీ" అన్నాడాయన.

"అంతకుముందు ఉన్నవాళ్ళా? వాళ్ళు ఖాళీ చేసి ఏడాది దాటింది బాబూ. ఎటు వెళ్ళారో నాకు తెలీదు."

ఏడాదిగా ఆయన ఎవరింటి దీపాన్నో చూసి నిబ్బరపడ్డాడు, ఎవరి మోకాళ్ళ గురించో దిగులుపడ్డాడు. అన్నయ్య ఈ మెట్లు దిగి వెళ్ళిన దారిలో ఇప్పుడు ఏ కుక్కకూ ఏమీ దొరకదు. చుట్టాల్లో ఎవరినైనా అడిగితే తెలుస్తుంది. అడగాలి, అంతే. ఆ అంతే అన్నదే కదా ఆయనకు ఇన్నాళ్ళూ కొండంత.

ముసలావిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన్ను పరకాయించి చూసింది. "సాయంత్రాలు ఆ షాపు దగ్గర నిలబడేది మీరే కదూ? మొదట్లో హడలిపోయాను. నాకోసం కాదని తర్వాత తెలిసిందిలెండి. అయినా మీరొచ్చే వేళకు ముందుగదిలో లైటు వేసి ఉంచుతున్నాను. ఈ గదిలో నాకేం పనుంది గనక? ఎవరో ఒకరు చూస్తున్నారు కదాని."

శిక్షకురాలు గొంతు సవరించుకుంది. "కుక్క తప్పేం లేదండీ. టోపీని చేత్తో పులిమారు, దానికి బాగా తెలిసిన వాసన మీదే. దాన్నిబట్టే వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క మనిషిని కూడా దాచలేదు కదూ?"

"ఎవరూ లేరండీ నాకు" అన్నాడాయన. ఆ మాట పైకి అన్నాక ఆయనకే ఏడుపొచ్చింది.

"మమ్మల్ని అడిగితే పంపేవాళ్ళం కదా!"

"అడగడం చేతకాదండీ."

శిక్షకురాలు కుక్క తల నిమిరింది. "ఇవాళ్టికి ఓడిపోయినట్టే. నెలాఖరుకు మళ్ళీ పెడతాను. పరాయి మనిషి వాసన వెంట పోతే సరే, లేకపోతే తీసుకుపోతాను. ఈసారి మాత్రం మనుషులను మేం పంపం. మీరే అడిగి తెచ్చుకోవాలి. సరే, నేను పోవాలి, అవతల కొరియరాయన పాపం ఇంకా దాక్కునే ఉన్నాడు" అంటూ దిగి వెళ్ళిపోయింది.

బూట్ల చప్పుడు కింద వీధిలో కలిసిపోయింది. ముసలావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. దొరసాని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. లిఫ్టాయన రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి మాట వచ్చింది.

"అమ్మా, ఒక అరగంట మీరు తప్పిపోగలరా?"

ఆవిడ నవ్వలేదు. "వెతకడానికి వస్తారా మరి?"

"ఎందుకు రాం? అదే కదమ్మా పని."

"దొరకలేదని మధ్యలో మానేయరు కదా?"

"మానేయం."

ఆవిడ లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని, చేతిరుమాలు పట్టుకుని వచ్చింది. ఆయన జేబులోంచి కొత్త కవరు తీసి మూతి తెరిచి పట్టుకున్నాడు. రుమాలు ఆవిడే అందులో వేసింది. ఆయన ముట్టుకోలేదు. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతుంటే, ఆయన తలుపు పక్కన కుక్కను దగ్గరికి తీసుకుని కూర్చున్నాడు. సగం మెట్లు దిగాక ఆవిడ గొంతు పైకి వినిపించింది.

"మరీ దూరం పోలేను బాబూ. తొందరగా రండి."