డెక్కు కడిగితే అక్కింట్లో కారింది

చెల్లెలు పొద్దున్నే టీ తాగి పడవ డెక్కు కడగడం మొదలుపెడుతుంది. బకెట్‌తో సముద్రపు నీళ్లు తోడుకుని, మెత్తటి బ్రష్షుతో టేకు పలకలకి అడ్డంగా తోముతుంది. పొడుగునా తోమితే చెక్కలో మెత్తటి పొరంతా కొట్టుకుపోతుందని నాన్న తిట్టేవాడు. ఆయన పోయాక ఆ తెరచాప పడవే ఆమెకి ఇల్లు.

ఆమె అలా కడిగినప్పుడల్లా ఊరికి అటు చివర, మూడో అంతస్తులో, అక్క భోజనాల బల్ల మీద నీళ్లు కారతాయి.

ప్లంబర్ వచ్చాడు. పైకప్పు తట్టి చూశాడు, పై వాటా వాళ్ల స్నానాల గదిలో తల దూర్చి తిట్లు తిన్నాడు. చివరికి ఒక చుక్క నాలుక మీద వేసుకుని తల గోక్కున్నాడు.

"మీ పైపులు బాగున్నాయమ్మా. ఇవి ఉప్పు నీళ్లు, టేకు వాసన కూడా వస్తోంది. మీ వాళ్లకెవరికైనా పడవ ఉందా?"

"ఉంటే?"

"అక్కడ చూపించుకోండి. నేను పైపులే చేస్తాను," అని సంచి సర్దుకున్నాడు.

డెక్కులో దిగిన నీళ్లు దిగినచోటే కారవు, దూలాల వెంట పాకి ఇంకెక్కడో తేలతాయి. ఇవి కాస్త ఎక్కువ దూరం పాకాయి, అంతే. అక్క తికమక అది కాదు. పడవలో సగం తనది. నాన్న పోయిన వారంలోనే అమ్మేద్దామని తనంది, వద్దని చెల్లెలంది, అప్పట్నుంచీ మాటల్లేవు. అయినా తను ఒకణ్ణి కుదిర్చింది, ఆ కొనేవాడు ఆదివారం వస్తున్నాడు. పడవ పోతే చెల్లెలికి నిలువ నీడ ఉండదు. ఇలాంటప్పుడు ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యడం?

చేసింది.

"నా బల్ల మీద కారుతోంది."

"నువ్వు అమ్మేస్తానన్న పడవేగా, కారనీ."

"తినే కంచంలో పడుతోందే!"

అవతల చెల్లెలు నవ్వింది. అక్కకి కోపం, నవ్వు ఒకేసారి వచ్చి దేన్ని బయటికి వదలాలో తెలియలేదు.

ఇక ఫోన్‌లోనే వెతుకులాట. చెల్లెలు పలకల మధ్య ఒక్కో సందు మీదా చెంబుతో నీళ్లు పోసి "ఇప్పుడు?" అంటుంది. అక్క బల్ల దగ్గర కూర్చుని తలెత్తి "లేదు" అంటుంది. చుక్కాని దగ్గరికి వచ్చేసరికి అక్క కేక పెట్టింది.

"పడింది! ముక్కు మీద!"

"ఇదెలా? ఈ సందు నేనే నింపానక్కా, నాన్న పోయిన వారంలోనే. సందులో పోసిన నల్ల సీలెంట్ పైకి బాగానే ఉంది."

"మరెందుకు కారుతోంది?"

"ఏమో, నాకేం తెలుసు?"

ఆదివారం కొనేవాడికంటే ముందే అక్క పడవెక్కింది. తగువు పెట్టుకోవాలో, నీళ్లు తాగి కూర్చోవాలో తేల్చుకోలేక కత్తి తీసుకుని ఆ సందు గీకింది. సీలెంట్ ఒక పక్క ఊడి, సందు అడుగుని మాత్రం మొండిగా పట్టుకుని ఉంది.

"అడుగున టేప్ ఏదే?"

సీలెంట్ అటూ ఇటూ పలకల్నే పట్టుకోవాలి. అడుగుని కూడా పట్టుకుంటే, ఎండకీ వానకీ చెక్క కదిలినప్పుడు చిరుగుతుంది. అందుకని ముందు అడుగున సన్నటి టేప్ పరుస్తారు. చిన్నప్పట్నుంచీ టేప్ పరవడం అక్క పని, నింపడం నాన్న పని, తుడవడం చెల్లెలి పని.

"ఎలా మర్చిపోయావు?"

"అది నీ పని కదక్కా," అంది చెల్లెలు. దెప్పలేదు, ఉన్నమాటే చెప్పింది.

అక్కకి ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఏడుస్తూనే మోకాళ్ల మీద కూర్చుని టేప్ పరిచింది. చెల్లెలు వెనకే నింపుకుంటూ వచ్చింది.

అంతలో కొనేవాడు వచ్చి, బూట్లు విప్పి, డెక్కు మీద అడుగు పెట్టబోయాడు.

"తొక్కకండి!" అంది అక్క. "ఆరేదాకా ఎవరూ కాలు పెట్టకూడదు."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

నాలుగైదు రోజుల్లో ఆరుతుందని అక్కాచెల్లెళ్లిద్దరికీ తెలుసు. అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు అయోమయంగా అక్క వైపు చూసింది.

"చెప్పలేమండీ," అంది అక్క. "మా నాన్న నింపినవే ఇంకా ఆరలేదు."