కొవ్వు

నీళ్ల ట్యాంకరు వచ్చిందని వీధంతా కేకలు. చెంచులక్ష్మి నాలుగో బిందె ఎత్తి, అలవాటుగా ఎడమ పక్కకు పెట్టుకోబోయి, కుడి పక్కకు మార్చుకుంది. ఎనిమిది నెలలుగా ఇంతే. ఎడమ తొడ పైభాగంలో, లోతుగా, ఒక గడ్డ. మొదట ఉసిరికాయంత ఉండేది. ఇప్పుడు బత్తాయంత అయింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెకు భయం.

"ఏందమ్మీ, ఇంతసేపు? బిందెకన్నా నువ్వే బరువైనట్టుండావే!" గడపలోంచి అత్త పోలమ్మ నవ్వింది.

కొవ్వు అనే మాటకున్న రెండు అర్థాలూ ఆ ఇంట్లో ఆమె మీదే వాడతారు. పిల్లలు కంచాల్లో వదిలేసిన అన్నం పారేయడానికి చేతులు రాక తనే తింటుంది. అందుకు కొవ్వు పట్టిందంటారు. మార్కాపురం కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చేసరికి వంట ఆలస్యమైతే, కొవ్వెక్కిందంటాడు భర్త కేశవులు. మేనత్త కొడుకే, చిన్నప్పుడు రేగుపండ్లు ఏరి ఇచ్చిన బావే. గడ్డ సంగతి చెప్పిన రోజు కూడా తలెత్తకుండానే, "ఒళ్లంతా చాలక అక్కడ చేరిందిలే" అన్నాడు. పోలమ్మ మాత్రం సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. ఆ గరుకు చేయి ఎంత మెత్తగా తాకిందంటే, చెంచులక్ష్మికి ఏడుపొచ్చింది.

ఏటా కణ విభజన పాఠం చెప్పే మనిషి ఆమె. కణాన్ని రెండుగా చీలమని తొందరపెట్టే ప్రొటీన్లు ఉంటాయని, వాటిని సైక్లిన్లంటారని పిల్లలకు చెబుతుంది. పాఠంలో అంతే ఉంటుంది. కానీ ఎమ్మెస్సీలో ఆమె చదివింది ఇంకా ఉంది. అవి చీల్చి ఊరుకోవు. జన్యువుల దగ్గరికి పోయి ఏది పలకాలో, ఏది నోరు మూసుకోవాలో కూడా నడిపిస్తాయి. ఒక సైక్లిన్ లేత కణాన్ని కొవ్వు కణం కానివ్వదు. దాని చెల్లెలిలాంటి ఇంకోటి కొవ్వు కణం అయ్యేదాకా వదలదు. ఈ సైక్లిన్లతో జతకట్టే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువుకు లెక్కకు మించి నకళ్లు పుడితే, కొవ్వు కణం పైకి మామూలుగానే కనబడుతూ ఆగకుండా పెరుగుతుంది. అప్పుడు దాని పేరు కొవ్వు కాదు, క్యాన్సర్. ఆ పేరు తెలుసు కనుకనే ఎనిమిది నెలలు ఆస్పత్రి మెట్లెక్కలేకపోయింది. తెలియని వాళ్లు ధైర్యంగా ఉండగలరు. పాఠం తెలిసిన మనిషికి అద్దం ముందు చీర కట్టుకోవాలన్నా వణుకే.

ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి పోయింది. స్కాన్ చూసిన డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"లోతుగా ఉందమ్మా. సూదితో ముక్క తీసి జన్యు పరీక్ష చేయించాలి. రేపే గుంటూరు పోండి."

నర్సు మిస్బా మంచినీళ్ల గ్లాసు చెంచులక్ష్మి చేతికిచ్చి, "ఎవురొచ్చినారక్కా నీతో?" అంది.

"ఎవరూ రాలేదమ్మా."

ఫోన్ చేసింది. కేశవులు గొంతు గదంతా వినిపించింది.

"కొవ్వు గడ్డకు గుంటూరా? ఎల్లుండి మా చెల్లెలోళ్లు వస్తాండారు, వంటెవరు చేస్తారు? కొవ్వెక్కిందా ఏంది నీకు?"

మిస్బా ఏమీ విననట్టు లేచి వెళ్లి, ఫ్యాను రెగ్యులేటరు చివరిదాకా తిప్పింది. రెక్కల చప్పుడుకు ఆ గొంతు సగం మునిగిపోయింది. ఆ చిన్న దయకు చెంచులక్ష్మి కళ్లు తడిశాయి.

బల్ల మీద గుంటూరుకు పంపే కాగితం ఉంది. వెంట వచ్చేవారి పేరు అన్నచోట తన పేరే రాసుకుంది. భయం అట్లనే ఉంది, తొడలో గడ్డంత గట్టిగా.

"పలకవేందే? కొవ్వా?" అన్నాడు ఫోన్లో.

"అదే తెలియాల బావా," అంది. "కొవ్వో కాదో తేల్చుకునే వస్తా."