పైనక్క పెట్టిన రాజ్మా

పొద్దున్నే తండ్రితో మాటామాటా అనుకోవడం ఆమెకు కొత్త కాదు. ఆ రోజు మాత్రం గొడవ స్లో కుక్కర్ మీద వచ్చింది.

ఆమె టవర్ క్రేన్ నడుపుతుంది. పదహారు అంతస్తుల కట్టడానికి ఇంకా పైన, మోకాళ్లు అద్దానికి తగిలేంత ఇరుకు క్యాబిన్‌లో షిఫ్టంతా కూర్చుంటుంది. సైటులో చిన్నా పెద్దా అందరికీ ఆమె పైనక్కే. భర్త లారీ ఎక్కితే వారం దాకా ఇంటి మొహం చూడడు. ఇంట్లో ఉండేది పదేళ్ల కూతురు, మోకాలి ఆపరేషన్ తర్వాత వచ్చి ఉంటున్న తండ్రి. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా నిలబడే బతికిన మనిషాయన. కూర్చోమంటే ఆయనకు ముళ్ల మీద కూర్చున్నట్టే.

కరెంటు మీద నిదానంగా ఉడికించే ఆ కుక్కర్ కొని రెండు వారాలైంది. పొద్దున అన్నీ తరిగి పడేసి పోతే మధ్యాహ్నానికి అదే ఉడికి ఉంటుందని ఆమెకు సంబరం. ఆయనకు అది కంటగింపు.

"అరగంటలో అయ్యే పనికి ఆరు గంటలా? ఇది వంటా, వానాకాలం బస్సా?" అన్నాడు ఆ పొద్దున కూడా.

"అది ఉడుకుతుంది, నువ్వు తింటావు. మధ్యలో నీకేం పని నాన్నా? మాటిమాటికీ మూత తీయకు. తీసినప్పుడల్లా వేడంతా పోతుంది."

"తీయకపోతే లోపల ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది?"

"ఒక్క పూట వంక పెట్టకుండా తిను. చాలు."

రాత్రంతా నానిన రాజ్మా గింజలు, టమాటాలు, క్యారెట్లు, ఉల్లిపాయలు అప్పటికే కుక్కర్లో ఉన్నాయి. సన్నటి వేడి మీద పెట్టి, తలుపు కాస్త గట్టిగానే లాగి వెళ్లిపోయింది.

ఆ రోజు లిఫ్టు గోడలకు కాంక్రీటు పోస్తున్నారు. ఆ పని మొదలెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పోసింది బిగుసుకుపోయి, తర్వాత పోసేది దానికి అతకదు. కింద వాకీటాకీ పట్టుకుని ఆమెకు దారి చెప్పే సిగ్నల్ మనిషి ఒకప్పుడు ఆసుపత్రి వంటశాలలో పనిచేశాడు. తిండి మాటెత్తితే ఓ పట్టాన వదలడు. పన్నెండు దాటాక, కింద కాంక్రీటు బకెట్ నిండే లోపు అడిగాడు.

"పైనక్కా, ఇవాళ ఇంట్లో ఏంటి?"

"రాజ్మా అన్నా. స్లో కుక్కర్లో పడేసి వచ్చా."

"ముందు పొయ్యి మీద మరిగించావా?"

"ఎందుకు? రాత్రే నానబెట్టాగా."



"అక్కా, నానబెడితే సరిపోదు. ఆ గింజలు పది నిమిషాలన్నా కళపెళా మరగాలి. లేకపోతే వాటిలో విషం పోదు. సన్నటి వేడికి ఇంకా పెరుగుతుందని మా వంటశాలలో గోడ మీద రాసి పెట్టారు. నాలుగు గింజలు తిన్నా వాంతులే."

 ఆమె ఫోను కింద లాకర్లో ఉంది. నాన్న నంబరు చెబితే సిగ్నల్ మనిషి తన ఫోను నుంచి రెండుసార్లు చేశాడు. ఎవరూ ఎత్తలేదు. స్కూలు ఒంటిపూటే కాబట్టి పిల్ల ఒంటిగంటకల్లా ఇంటికి వస్తుంది. వస్తూనే ఆకలో అంటుంది.

"ఇంజనీరు గారికి చెప్పన్నా. నేను దిగాలి."

ఇంజనీరు వాకీటాకీ అందుకున్నాడు. "మూడే బకెట్లమ్మా. అవ్వగానే వెళ్లు."

ఆమె మూడు బకెట్లు ఎత్తింది. ఎత్తినంతసేపూ చూపు తన ఇంటి మేడ మీది నీళ్ల ట్యాంకు వైపే పోయింది. ఇక్కణ్ణుంచి చూస్తే అరచేతి దూరం. నడిస్తే పావుగంట. తనకేం కనిపిస్తుందని చూస్తోందో ఆమెకే తెలియలేదు. మూడోది వంచాక ఇంజనీరు గొంతు మళ్లీ వచ్చింది.

"ఇంకో రెండు. రెండు గంటలకు నీ తర్వాతి ఆపరేటరు ఎలాగూ వస్తాడు."

ఆమె ఖాళీ బకెట్‌ను నేల మీద దించింది. కొక్కెం విడిపించమంది. మోటారు ఆపింది.

"దిగుతున్నానండీ."

"దిగితే గోడ పోతుంది. తెలుసా?"

"తెలుసు," అని వాకీటాకీ నడుముకు తగిలించుకుంది. నిచ్చెన దిగుతున్నంతసేపూ అది తిడుతూనే ఉంది. ఆమె మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగింది.

ఇంటికి వచ్చేసరికి కూతురు పళ్లెం ముందు పెట్టుకుని చెంచా ఎత్తుతోంది. ఆమె పళ్లెం లాగేసుకుంది.

"తిన్నావా?"

"ఇంకా లేదు. ఎందుకమ్మా అలా ఆయాసపడుతున్నావు?"

"తాతయ్యేడీ?"

పిల్ల స్నానాల గది వైపు చూపించింది. లోపలి నుంచి వాంతుల చప్పుడు వినిపించింది. పదకొండున్నరకే ఆయన భోజనం ముగించేశాడు.

ఆటోలో క్లినిక్కుకి తీసుకెళ్లింది. "ఎంత తిన్నారు?" అని డాక్టరు అడిగితే, "రెండు గిన్నెలు," అన్నాడాయన, నేరం ఒప్పుకుంటున్నట్టు. సెలైన్ పెట్టారు. సాయంత్రానికి వాంతులు తగ్గాయి. మొహం మాత్రం పీక్కుపోయింది. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాక కూడా ఆమె మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది.

"కూర్చోవే. చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు.

కూర్చుంది. "గింజలు ఉడకలేదని తెలియలేదా నాన్నా?"

"పంటికి తగిలాక తెలియదా?"

"మరి ఎందుకు తిన్నావు?"

ఆయన సెలైన్ సీసా వైపు చూశాడు. "వంక పెట్టకుండా తినమన్నావుగా. పొద్దున మొహం ముడుచుకుని వెళ్లావు. రెండోసారి కూడా వడ్డించుకున్నానంటే సంతోషిస్తావనుకున్నా."

ఆమె దుప్పటి ఆయన పాదాల మీదికి లాగింది.

"మూత కూడా తీశాను," అన్నాడు మళ్లీ. "ఏడుసార్లో ఎనిమిదిసార్లో. ఫోను మోగినప్పుడు పక్కమీదకు చేరా. లేవలేకపోయా."

"మూత తీసినా తీయకపోయినా తప్పు నాదే. ముందు మరిగించాలట. నాకు తెలియదు."

"అంతా నువ్వే తీసుకోకు. కాస్త నాకూ ఉంచు," అని కళ్లు మూసుకున్నాడు. ఆమె నవ్వబోతే ఏడుపొచ్చింది.

పని మధ్యలో వదిలేసినందుకు నాలుగు రోజులు సైటుకు రావద్దన్నారు. ఆ నాలుగు రోజులూ ఆయన మంచం మీది నుంచి గంజిలో ఉప్పు ఎంతో చెబుతుంటే, ఆమె కాలు ఒకచోట నిలవక, తుడిచిన గదులే తుడిచింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరూ చెప్పలేదు.

ఐదో రోజు రమ్మన్నారు. ఇంజనీరు ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. అతకని గోడ మనిషెత్తున పగలగొట్టాల్సి వచ్చింది. డ్రిల్లుల మోతకు క్యాబిన్ అద్దాలు కూడా అదురుతున్నాయి. పగిలిన ముక్కల్ని తొట్టెలకెత్తి కిందికి దించే పని ఆమెకే పడింది. తను దిగినందుకు నాన్నకు ఒరిగిందేమీ లేదు, ఆయన ముందే తినేశాడు. దిగింది కాబట్టి పిల్ల చెంచా నోటిదాకా పోలేదు. ఒక్కో తొట్టె లేస్తుంటే ఈ రెండూ మార్చి మార్చి అనుకుంది. ఎటూ తేలలేదు.

పొద్దుటి నుంచీ ముక్తసరిగా దారి చెబుతున్న సిగ్నల్ మనిషి నాలుగో తొట్టె దిగాక అడిగాడు.

"నాన్నగారు ఎలా ఉన్నారక్కా?"

"లేచి తిరుగుతున్నారన్నా. వీధి చివరిదాకా వెళ్లొచ్చి, ఆ కుక్కర్ ఎవరికన్నా ఇచ్చేయమని ఒకటే పోరు."

"ఇచ్చేస్తావా?"

"ఇవ్వను. రేపు ఆయన చేతే గింజలు మరిగించి వేయిస్తా."

"అయితే సరే. కాస్త ఎడమకి. ఇంకాస్త. ఇక దించు."