తడిగుడ్డ కింద ప్లేటు

ఇరవై రెండేళ్లు బేకరీలో పిండి పిసికిన మనిషికి ఒక అలవాటు మిగిలిపోతుంది. పొంగని పిండిని ఆ పూటే పారబోయదు. తడిగుడ్డ కప్పి, వెచ్చగా ఉన్న మూల చూసి పెట్టి, తర్వాత ఇంకోసారి చూస్తే గానీ ఆశ వదులుకోదు. జయమణికి ఆ అలవాటు భీమిలిలో పట్టుకుంది. భర్త బెన్సన్ పోయి, బేకరీ మూతపడి, విశాఖలో ఒక పరిశోధనశాలలో గాజుసామాను కడిగే పనికి కుదిరాక కూడా అది పోలేదు.

అక్కడా పిండిని పొంగించే ఈస్టే. కాకపోతే దాంతో రొట్టెలు చెయ్యరు. నాలుగేళ్లుగా ఆ పరిశోధన మీదున్న జ్యోతిర్మయి మొదటి వారంలోనే ఆమెకు విడమరిచి చెప్పింది. బొబ్బిలి వైపు రైతుల పిల్ల.

"కేన్సర్ వొచ్చిన మనిషిలో ఒక జన్యువు అదుపు తప్పుతాది పిన్నీ. దాన్ని తెచ్చి ఈస్టులో పెట్టినాం. పెట్టిన కాడి నుంచీ ఈస్టు పెరగటం మానేసినాది, పీక మీద కాలేసి తొక్కినట్టు. ఏ మందైనా ఆ కాలు తీసిందనుకో, ఈస్టు లేసి కూకుంటాది. అలగ లేపిన మందే మనకి కావాలి."

"ఇంతేనేటి? పొంగిందా నేదా సూడ్డం. నానెరిగిన పనే."

మందు కోసం వాళ్లు వెతుకుతున్నది సముద్రంలోనే. జాలర్ల వలల్లో చిక్కి, ఎందుకూ కొరగావని ఒడ్డున విసిరేసే స్పంజీలనే మెత్తటి సముద్రజీవుల నుంచి సారం తీస్తారు. ఒక్కో ప్లాస్టిక్ ప్లేటులో తొంభై ఆరు చిన్న గుంతలు. ఒక్కో గుంతలో ఒక సారం, కాస్త ఈస్టు. రెండు రోజులు వెచ్చని పెట్టెలో ఉంచి, ఈస్టు పెరిగిందో లేదో మిషన్లో పెట్టి చూస్తారు. తొమ్మిది వేల సారాలు చూశారు. ఒక్కటీ ఈస్టును లేపలేదు.

ఆ శనివారం ఆఖరి ప్లేటు. ఇదీ లేవకపోతే సోమవారం పని మూసేస్తానని పరిశోధనశాల పెద్ద గురునాథరావు సారు ముందే చెప్పేశారు. జ్యోతిర్మయి ద్వారకా నగర్‌లో పాఠాలు చెప్పే పనికి ఒక కోచింగ్ సెంటర్ వాళ్లతో మాట్లాడుకుంది కూడా.

మిషన్ అన్నీ సున్నాలే చూపించింది.

"పారీ పిన్నీ. బ్లీచింగ్ నీళ్లల్లో ముంచీ," అంది జ్యోతిర్మయి, తల ఎత్తకుండా.

జయమణి ప్లేటు పట్టుకుని తొట్టె దగ్గరకు వెళ్లింది. చెయ్యి రాలేదు. ఒక శుభ్రమైన గుడ్డ తడిపి, నీళ్లు పిండేసి, ప్లేటు చుట్టూ చుట్టి, వెచ్చని పెట్టెలో కింది అర చివరికి తోసేసింది.

"పారేసినావా?" గుమ్మంలోంచి అడిగింది జ్యోతిర్మయి, సంచి భుజానికి తగిలించుకుంటూ.

"ఆఁ," అంది జయమణి.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో ఆమెకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆడిన అబద్ధం ఒకవైపు, ప్లేటు ఒకవైపు.

సోమవారం మొదటి బస్సుకే వచ్చింది. గుడ్డ విప్పింది. తొంభై అయిదు గుంతలు తేట నీళ్లలా ఉన్నాయి. ఒక్కదాని అడుగున మాత్రం తెల్లగా, గంజి పేరుకున్నట్టు ఉంది.

జ్యోతిర్మయి రాగానే ఆమె చేతుల్లో పెట్టింది.

"ఏటి సేసినావు పిన్నీ! పారేసినానన్నావు కదా!"

"అబద్దమాడినాను. తిట్టు. ముందు సూసి, తరవాత తిట్టు."

"ఇది బూజు. రెండ్రోజులు ఒగ్గెస్తే ఏదైనా పడతాది."

"బూజు వాసన నానెరగనా? మూత తీసి సూసినాను. రొట్టి వాసనే."

"వాసన సూసినావా? సూడకూడదని గోడ మీద రాసుంది కదా!"

"సూసినాక సదివినాను."

జ్యోతిర్మయికి కోపంలోనే నవ్వొచ్చింది. చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. నవ్వు ఆగిపోయింది. గుండ్రటి ఈస్టు కణాలు, ఒకదాని పక్కన ఒకటి, పిల్ల మొగ్గలు తొడుగుతున్నాయి.

గురునాథరావు సారు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"తొందరపడొద్దు. ఈస్టే ఆ జన్యువును పాడుచేసుకుని తప్పించుకుని ఉండొచ్చు. కొత్త ఈస్టుతో మూడు ప్లేట్లు పెట్టండి. శుక్రవారం దాకా ఆగుతాను."

జ్యోతిర్మయి మూడు ప్లేట్లలోనూ అదే సారాన్ని వేరు వేరు చోట్ల వేసింది. ఎక్కడెక్కడ వేసిందో జయమణికి తెలియకుండా కాగితం మీద రాసి, మడిచి, సారు జేబులో పెట్టించింది. జయమణి ఈసారి గుడ్డలు మరిగించి కప్పింది.

బుధవారం మిషన్ సున్నాలే చూపించింది. జ్యోతిర్మయి అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

"తిను. పిండి కాడ కూకుని ఏడిస్తే పిండి పొంగదు," అంది జయమణి.

శుక్రవారం ఉదయం ముగ్గురూ నిలబడ్డారు. గుడ్డలు తీసింది జయమణే.

"ఇక్కడ," అంది మొదటి ప్లేటు మీద వేలు పెట్టి. రెండోది దగ్గరికి లాక్కుంది. "ఇక్కడ." మూడోది వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "ఇదిగో, ఇక్కడ. మరింకెక్కడా నేదు."

సారు జేబులోంచి కాగితం తీసి చదివారు. జ్యోతిర్మయికి అందించారు. ఆ పిల్ల కాగితం చూడలేదు. జయమణి మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా అరిచింది. పక్క గదుల వాళ్లు పరిగెత్తుకొచ్చారు.

"ఈ సారం కణంలోకి నెమ్మదిగా దిగుతోంది," అన్నారు సారు. "రెండు రోజులు దానికి చాలలేదు. మందు కావాలంటే ఇంకా ఏళ్ల దారి ఉందమ్మా. అయినా దారంటూ దొరికింది." ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నారు. "మరి ఆ తొమ్మిది వేలూ? అవన్నీ రెండు రోజులకే పారేశాం కదా!"

"సారాలు ఫ్రీజర్‌లోనే ఉన్నాయి సార్. అన్నీ మళ్లీ పెడతాను," అంది జ్యోతిర్మయి. అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. "హలో, కోచింగ్ సెంటరా? నాను రాటం నేదండీ. ఆఁ, ఎప్పటికీ రాను."

మధ్యాహ్నానికి గోడ మీద కొత్త కాగితం అంటించారు. జయమణి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'రెండో రోజు పెరగని ప్లేటు పారేయరాదు. తడిగుడ్డ కప్పి నాలుగో రోజు మళ్లీ చూడాలి.'

"వాసన సూడొచ్చని కూడా రాయండి సారూ."

"అది మాత్రం రాయనమ్మా."

ఆమె చేతులు కడుక్కుని సంచి తీసుకుంది. తొమ్మిది వేల సారాలంటే దగ్గర దగ్గర వంద ప్లేట్లు. వాటికి సరిపడా మెత్తటి నూలుగుడ్డ తానులోంచి కోయించాలంటే, కొట్టు కట్టేసే లోపే పూర్ణా మార్కెట్‌కి చేరుకోవాలి.