ఎర్రనూలు కట్టిన తీగ

శనివారం ఉదయం అది మూడో సైకిలు. ఓల్గెర్ట్స్ అప్పుడే కోసిన, బ్రేకు తీగ దూరే కేబుల్ గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. కోత సమంగానే పడింది గానీ లోపలి ప్లాస్టిక్ నొక్కుకుపోయి రంధ్రం సగం మూసుకుంది. సన్నటి దబ్బనం దూర్చి రెండుసార్లు మెల్లగా తిప్పాడు. మళ్ళీ చూశాడు. ఈసారి గుండ్రంగా ఆకాశం కనిపించింది.

వల్మియెర అనే ఊళ్లో, గౌయా నది గట్టు దగ్గర, పిల్లలు బీఎమ్‌ఎక్స్ సైకిళ్ల పందేలు ఆడే మట్టిబాట పక్కన ఆ రేకుల గది ఉంది. పద్నాలుగేళ్లుగా ఆయన అందులోనే పనిచేస్తున్నాడు. అంతకుముందు ట్రాక్టర్లు బాగుచేశాడు, తర్వాత రంపపు మిల్లులో యంత్రాలు చూశాడు. కుడిచేతి చూపుడు వేలికి గోరు మిల్లులోనే పోయింది. పెళ్లి చేసుకోలేదు. బడి గోడల మీద, దుకాణాల్లో, గెలిచిన పిల్లల ఫోటోలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కడా ఆయన లేడు. ఆయన బిగించిన మరలు మాత్రం ప్రతి ఫోటోలోనూ ఉన్నాయి.

పది గంటలకి వెల్టా వచ్చింది. చంకలో ఎర్రనూలు ఉండలున్న అల్లిక సంచి, వెనకాల ఎనిమిదేళ్ల మనవరాలు మదర, మదర చేతిలో తన సైకిలు. పిల్ల గడ్డం కింద గాయానికి వేసిన పట్టీ ఉంది. వెల్టా, ఓల్గెర్ట్స్ ఒకే బడిలో, ఒకే తరగతిలో చదువుకున్నారు.

"రేపటి పందెంలోంచి దీని పేరు తీసెయ్యమని గుంటిస్‌కి నువ్వే చెప్పు. నాకు నోరు రావట్లేదు," అంది వెల్టా. "లెక్కల టీచరుని చూసి బల్ల కింద దూరినవాడివి. భయం సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

పోయిన శనివారం సాధనలో మదర ముగింపు గీత దాటాక ఆగలేదు. నేరుగా వెళ్లి టైర్ల గోడని గుద్దుకుంది. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. పిల్ల కంగారుపడి బ్రేకు నొక్కడం మర్చిపోయిందని శిక్షకుడు గుంటిస్ అన్నాడు. వారమంతా ఇంట్లో వెల్టా కూడా అదే మాట అంటూ వచ్చింది. మదర ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఓల్గెర్ట్స్ సైకిలుని బల్లకి ఆనించి, "పట్టు," అన్నాడు పిల్లతో.

మదర బ్రేకు పిడిని పట్టుకుంది. రెండు వేళ్ల కొనలే అందాయి. పళ్లు బిగించి నొక్కింది. వదిలాక పిడి నిద్రలో ఉన్నదానిలా మెల్లగా వెనక్కి వచ్చింది. ఆయన హ్యాండిలుని పక్కకి తిప్పాడు. గొట్టం బిగుసుకుపోయి, పిడి దగ్గర మడత పడింది. వేసవిలో పిల్ల పొడుగైందని గుంటిస్ హ్యాండిలు పైకి లేపాడు. గొట్టం పాతదే. దాని చివర నీలం టేపు చుట్టింది ఓల్గెర్ట్సే.

ఆయన ఆ టేపుని వేలితో తడిమాడు.

"వెల్టా, ఇది ఏప్రిల్‌లో నేను కోసిన గొట్టం. చూడ్డానికి బాగుంటుందని పొట్టిగా కోశాను. పిల్లలు ఎదుగుతారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు." తర్వాత కిందికి వంగి పిల్ల మొహంలోకి చూశాడు. "తప్పు నాది, మదరా."

"నేను నొక్కాను," అంది మదర. "గట్టిగానే నొక్కాను."

"తెలుసు."

వెల్టా అల్లిక సంచిలోకి చూస్తూ ఉండిపోయింది.

పాత తీగ లాగితే మడత దగ్గర తుప్పు రాలింది. ఓల్గెర్ట్స్ కొత్త గొట్టాన్ని హ్యాండిలు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి కొలిచాడు. ఇంకో రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ ఉంచి కోశాడు. దబ్బనంతో అంచు రంధ్రం విప్పాడు. కొత్త తీగని గ్రీజు రాసిన గుడ్డలోంచి లాగి గొట్టంలోకి ఎక్కించాడు. పిడి దగ్గరున్న చిన్న మరని కొంచెం కొంచెం తిప్పుతూ, పిల్ల వేళ్లు మడతలదాకా అందేవరకు పిడిని దగ్గరికి తెచ్చాడు. బ్రేకు రబ్బర్లు రిమ్ముకి రెండువైపులా ఒకే దూరంలో నిలిచాక తీగ బిగించాడు. అప్పుడు మదర చేత ముప్పైసార్లు నొక్కించాడు. తీగ సాగింది. మళ్ళీ బిగించాడు.

ఆ తర్వాత బయటికి వెళ్లి నేల మీద సుద్దతో గీత గీసి, గీతకి అవతల తాను నిలబడ్డాడు. ఆయన బ్రేకు బిగించిన ప్రతి పిల్లా ఆయన మీదికే తొక్కుకుంటూ రావాలి. ఆయన బూట్ల ముందుభాగం పద్నాలుగేళ్ల టైర్లకి అరిగి నల్లబడింది.

"రా," అన్నాడు.

మొదటిసారి మదర మధ్యలోనే కాళ్లు కింద పెట్టేసింది. రెండోసారి టైరు ఆయన బూటుకి తగిలింది. ఆయన కదల్లేదు, చేతులు కూడా చాచలేదు. "ఇంకోసారి," అన్నాడు. మూడోసారి బాగా దూరంనుంచి, పైకి లేచి తొక్కుతూ వచ్చింది. గీతకి జానెడు ముందు సైకిలు ఆగిపోయింది. దుమ్ము మాత్రం ఆయన్ని దాటి వెళ్లింది.

"పేరు తీసెయ్యమనాలా మరి?" అని అడిగాడు ఓల్గెర్ట్స్. అడిగింది వెల్టాని కాదు.

"వద్దు," అంది మదర.

వెనకబ్రేకు దగ్గర మిగిలిన తీగ జానెడున్నర పొడుగు వేలాడుతోంది. ఆయన దాన్ని కోయలేదు. కొనకి తొడుగు నొక్కి, గుండ్రంగా చుట్టాడు.

"వెల్టా, ఆ ఎర్రనూలు కొంచెం తెంపి ఇవ్వు."

"ఇస్తే నేను అల్లే చేతితొడుగు బొటనవేలికి నూలు చాలదు."

"చాలకపోతే ఆ తొడుగు నాకివ్వు. నాకూ ఒక వేలికి గోరు లేదుగా, జోడీ కుదురుతుంది."

వెల్టా నవ్వలేదు గానీ కొంచెం అడిగితే మూరెడు తెంపింది. ఆయన తీగ చుట్టని నూలుతో చక్రాన్ని తాకకుండా సైకిలు చట్రానికి కట్టాడు.

"రేపు పందెం అయ్యాక రా," అన్నాడు పిల్లతో. "తీగ ఇంకా సాగుతుంది. చివరిసారి బిగించి, అప్పుడు కోస్తాను."

వాళ్లు వెళ్లాక ఇంకో రెండు సైకిళ్లు చూశాడు. మధ్యాహ్నం గది ముందున్న బెంచీ మీద కూర్చుని నల్లరొట్టె మీద పెరుగు మీగడ రాసుకున్నాడు. పిల్లలు సాధన చేస్తున్నారు. ఒక్కొక్క బ్రేకు చప్పుడు ఎవరిదో ఆయన చూడకుండానే చెప్పగలడు. మదర బ్రేకు చప్పుడు శుభ్రంగా, పొట్టిగా వినిపించింది. గోడకి వీపు ఆనించాడు. నాలుగింటికి గుంటిస్ గాలి పంపు తిరిగి ఇవ్వడానికి వచ్చి, ఆయన నిద్రపోతున్నాడనుకుని పక్కనే పెట్టి వెళ్లాడు. ఐదింటికి మళ్ళీ వచ్చి చూస్తే రొట్టె సగం అలాగే ఉంది. తాకితే ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఆదివారం పందెం జరిగింది. అందరూ ఓల్గెర్ట్స్ కోసం కాసేపు టోపీలు తీసి నిలబడ్డాక మొదలుపెట్టారు. మదర ఐదోదిగా వచ్చింది. ముగింపు గీత దాటి, టైర్ల గోడకి చాలా ముందే ఆగి, తన ముందు చక్రం దగ్గర ఖాళీ నేల వంక చూస్తూ నిలబడింది.

గుంటిస్ కటింగ్ ప్లయరు పట్టుకుని వచ్చాడు. మిగిలిన ఆ తీగ తోక కోసేస్తానన్నాడు. మదర అరచేతితో దాన్ని మూసింది.

"ఇంకా సాగాలి," అంది.

గుంటిస్ ప్లయరు జేబులో పెట్టుకున్నాడు. పిల్ల సైకిలు నడిపించుకుంటూ రేకుల గది ముందునుంచి వెళ్తుంటే, వెనకచక్రం పక్కన ఎర్రనూలు ముడిలో కోయని తీగ చుట్ట మెల్లగా ఊగుతోంది.